రోజులు దాటే ఇల్లు

తాండూరులో చెన్నయ్య ఇంటి గేటుకు పొద్దు గూకగానే తాళం పడుతుంది. దొంగల భయమేమీ లేదు. ఆయన తండ్రి వేయించేవాడు, ఈయనా వేయిస్తాడు, అంతే. వరండాలో కూర్చుని "తాళమేసిన్రా?" అని కేకేస్తాడు. లోపలి నుంచి ఆడవాళ్లలో ఎవరో ఒకరు "ఏసినం" అంటారు. ఆ మాటతో ఆ ఇంట్లో రోజు ముగుస్తుంది.

రోజూ ఒకే మాటతో ముగియడం వల్ల అప్పుడప్పుడు ఆ ఇంట్లో రోజులు దాటిపోయేవి. సోమవారం పడుకుంటే శుక్రవారం లేచేవాళ్లు. నడిమి రోజుల్లో వంట జరిగే ఉండేది, చెన్నయ్య కొడుకు పరమేశ్ బండలు పాలిష్ పట్టించి లారీ ఎక్కించే ఉండేవాడు. రోజూ చేసే పనులు తప్ప కొత్తదేదీ జరిగేది కాదు, ఎవరికీ ఏదీ గుర్తుండేది కాదు. పాలు పోసే మనిషి "ఏమమ్మా, దాటినయా?" అని అడిగి తన దారిన పోయేవాడు.

పరమేశ్ భార్య దేవిక కూడా దీనికి అలవాటు పడిపోయేదే, పోయిన ఏడాది ఉద్యోగపు ఇంటర్వ్యూ ఆ దాటిన రోజుల్లో కొట్టుకుపోకుంటే.

ఆమె పెళ్లికి ముందు వికారాబాదులో ఫాదర్ అంజిలయ్య దగ్గర లాటిన్ నేర్చుకుంది. దాంతో ఏం చేస్తావని అడగని చుట్టం లేడు. చేసే పని ఉంది. రెండు వేల ఏళ్ల కిందటి సేద్యపు గ్రంథమొకటి. రాసినాయన చేతిరాత ఎక్కడా మిగల్లేదు. మఠాల్లో సన్యాసులు ఒకరిది చూసి ఒకరు రాసుకున్న ప్రతులే మిగిలాయి. ఆ ప్రతుల ఫోటోలు తెరిచి మాటకు మాట పోల్చాలి. ఒకే తప్పు రెండింట్లో కనిపిస్తే అవి ఒకే ఇంటివని, ఒకే ప్రతి చూసి రాసినవని పట్టుకోవాలి. అలా వెనక్కి నడిచి అసలు మాటకు వీలైనంత దగ్గరగా చేరాలి. ఫాదర్ నడిపే గ్రంథాలయంలో ఆ ఉద్యోగం మళ్లీ ఖాళీ అయింది.

"బేస్తవారం పొద్దుగాల రావాలె బిడ్డా. ఈసారి రాకుంటె పైవాళ్లు వేరేటోళ్లను తీసుకుంటరు" అన్నాడాయన ఫోన్లో.

ముందురోజే వెళ్తానంటే పరమేశ్, "పొద్దుగాల రైలుండంగ ఇయ్యాలనే ఎందుకు?" అన్నాడు. ఎవరూ పోవద్దనలేదు. వద్దంటే పోట్లాడేది. వెళ్లడానికి రోజే మిగలని చోట ఎవరితో పోట్లాడాలి?

బుధవారం మధ్యాహ్నం అత్త సత్యమ్మతో కలిసి కందులు చెరుగుతూ, చూసుకొమ్మని ఫాదర్ పంపిన ప్రతుల ఫోటోల్లో ఆ వారమే తనకు దొరికిన సంగతి చెప్పింది.

"ఒక సన్యాసి చూసి రాస్తుండె అత్తమ్మా. ఒక వరుస ఏ మాటతోని అయిపోయిందో, జర కింద ఇంకో వరుస గూడ అదే మాటతోని అయిపోయింది. తల వంచి రాసి మళ్ల చూసేసరికి కన్ను కింది దాని మీద పడ్డది. నడుమదంత పోయింది."

"ఎవ్వలు సూస్కోలేదా?"

"అతుకు కనిపియ్యలే. దున్నుడు కాంగనే కుప్పలేసుడు ఉంది. విత్తుడు, కలుపు, వాన, అన్నీ పోయినయి. దాన్ని చూసి రాసినోళ్లందరు గట్లనే రాసిన్రు."

సత్యమ్మ చేతిలో చాట ఆగిపోయింది. "కన్ను దుముకకుంట ఉండాల్నంటె?"

"రెండు వరుసలు ఒక్క తీరుగ అయిపోవద్దు."

సత్యమ్మ కందుల్లో వేళ్లు పెట్టి కలుపుతూ చెప్పింది. "మా అమ్మకు పాణం బాగలేదని దౌల్తాబాద్ నుంచి కబురొచ్చింది. తెల్లారి పోదామని బట్టలు సదురుకున్న. ఆ పొద్దుగూకినంక నేనే అన్న, ఏసినమని. లేచేసరికి అమ్మను మట్టిచేసి వారమైంది."

దేవికకు ఏడుపొచ్చింది. తనకంటే ఎంతో ముందే ఈమె ఇందులో ఇరుక్కుందని ఇన్నాళ్లూ తనకు తట్టనేలేదు.

పొద్దు గూకింది. చెన్నయ్య వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. ఇవాళ వేరే మాట చెప్పాలని దేవిక గట్టిగా అనుకునే ఉంది.

"తాళమేసిన్రా?"

నోరు తెరిచింది. ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు ఇంకో జవాబు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. అలవాటుకొద్దీ పాత మాటే నాలుక చివరికి వచ్చేసింది.

"ఎయ్యలే" అంది సత్యమ్మ వంటింట్లోంచి.

"ఏందీ?"

"ఎయ్యలేదంటున్న. తెల్లారి కోడలు రైలుకు పోవాలె. గేటు తెరిచే ఉంటది." తాళంచెవి కొంగున ముడేసుకుని వచ్చి గడపలో కూర్చుంది. చెన్నయ్య లేవబోయాడు. ఆమె ముఖం చూసి మళ్లీ కూర్చున్నాడు.

దేవిక కళ్లు తెరవగానే ఫోన్ చూసుకుంది. బేస్తవారం. పొద్దుటి రైలు ధారూర్ దాటేదాకా కూడా ఆమెకు నమ్మకం కుదరలేదు.

ఉద్యోగం వచ్చింది. సాయంత్రాలు ఆమె ఇంటికి చేరేసరికి చీకటి పడుతోంది. అందుకని గేటు ప్రశ్న సత్యమ్మ వంతుకే వచ్చింది. ఏ రెండు రోజులూ ఒక్క తీరుగా ముగియకూడదని ఆమె రోజుకో జవాబు చెబుతోంది. "వాన పడెటట్టుంది" అంటుంది. "కందులు పుచ్చినయి" అంటుంది. చెన్నయ్య చాలా విసుక్కున్నాడు, తర్వాత అలవాటు పడ్డాడు. ఆ ఇంట్లో రోజులు దాటడం ఆగిపోయింది.

ఒక సాయంత్రం ఆయన ఎప్పట్లాగే అడిగాడు.

"మా అమ్మ యాదికొస్తున్నది" అంది సత్యమ్మ.

చెన్నయ్య గేటు వైపు నుంచి ఆమె వైపు తిరిగాడు. తర్వాత పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటిసారి ఇంకో ప్రశ్న అడిగాడు.

"ఎట్లుండేది మీ అమ్మ?"