తేనెపట్టు గచ్చు

ఆ రోజు నేను అరబ్బు దేశంలో, రిగ్గైలో మామా వాళ్ళింటి పెద్ద గదిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఎండిన సిమెంటు గీకుతున్నాను. మా ఆయన పరిచిన పలకలు మామాకు, అంటే ఆ ఇంటి యజమానురాలికి, నచ్చలేదు. రెండోసారి ఊడదీయించింది. ఆయన పలకల మేస్త్రీ, నేను ఆ ఇంటి పనిమనిషిని. మామాను బతిమాలి ఆ పని ఆయనకు ఇప్పించింది నేనే.

అది ఎనభై ఒకటో సంవత్సరం. మామా ఏదో పత్రికలో బొమ్మ చూసి, ఆరు మూలల పలకలు తెప్పించింది. తెల్లవాటి నడుమ తేనెరంగువి, గది మధ్యలో పెద్ద తేనెపట్టులా రావాలి. నాలుగు మూలల పలకలకు అలవాటుపడ్డ మా ఆయన ఎప్పటిలాగే గుమ్మం మూల నుంచి మొదలుపెట్టారు. రెండుసార్లూ పట్టు పక్కకు ఒరిగిపోయింది.

"రాజూ, ఇంకోసారి తప్పితే ఖలాస్" అంది మామా.

ఖలాస్ అంటే ఆయన కాంట్రాక్టరు ఇఖామా, ఇక్కడ ఉండే అనుమతి, రద్దు చేయించి ఊరికి విమానం ఎక్కిస్తాడు. ఆయన అక్కడ, నేను ఇక్కడ. నాలుగేళ్ళ కూతురు చంద్రావతిని మా అమ్మ దగ్గర వదిలి వచ్చిన రోజు, అది పట్టుకున్న నా కొంగును ఒక్కో వేలూ విడదీసి తీసుకున్నాను. ఆ వేళ్ళు ఈ వయసులోనూ నా చేతికి తగులుతూనే ఉంటాయి. ఇంకొకరిని సాగనంపే ధైర్యం నాకు లేదు.

"నడిమి నుంచి మొదలెడితే రాదాండీ? సందుచుక్కల ముగ్గులాగే ఉంది కదా" అన్నాను.

"మేస్త్రీ పనంటే ముగ్గనుకున్నావేటే? నీ బుర్ర ముగ్గుచిప్పంత! ఎల్లి టీ ఎట్టు."

టీ పెట్టాను. మధ్యాహ్నం మామా పడుకుంది, ఆయన సిగరెట్టుకని వీధిలోకి వెళ్ళారు. మూల నుంచి మూలకు రెండు పురికొసలు లాగి, అవి కలిసినచోట తెల్ల సిమెంటు చిటికెడు పెట్టాను. పలక కొలత చూసుకుంటూ, అది నడుమ వచ్చేలా ఒక వరసలో పదమూడు చుక్కలు. వాటి సందుల్లో పన్నెండు, ఆపైన పదకొండు, అలా ఏడు దాకా. కిందికీ అంతే. ఒక్కో చుక్క మీద ఒక్కో తేనెరంగు పలక పెట్టుకుంటూ పోయాను.

లేచి చూసి నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఏ పలకను చూసినా చుట్టూ ఆరే. మధ్యలో గోరు దూరేంత ఖాళీ లేదు. చిన్న చిన్న ఆరు మూలలు కలిసి గదంత ఆరు మూలలయ్యాయి. పేడనీళ్ళు చల్లిన వాకిట్లో అమ్మ రోజూ వేసి, మేమే తొక్కేసిన ముగ్గులో ఇంత ఉందా!

మా ఆయన వచ్చి, వంగి పలకల సందుల్లో గోరు పెట్టి చూశారు. చివరికి "ఎవరికీ సెప్పకు. ముగ్గు సూసి ఏశానంటే నలుగురూ నవ్వుతారు" అన్నారు.

పని పూర్తయ్యాక మామా "మా షా అల్లా" అంటూ చెప్పులు విడిచి గదిలోకి అడుగుపెట్టింది. ఎవరు నేర్పారని అడిగింది.

"నా సొంత బుర్రే మామా" అన్నారాయన. నేను టీ పళ్ళెం పట్టుకుని పక్కనే ఉన్నాను. మామా ఆయనకు చేతిగడియారం ఇచ్చింది.

ఆ గచ్చును ఏడాదిపాటు రోజూ నేనే తుడిచాను. అప్పటికి కూడబలుక్కుని చదవడం వచ్చింది నాకు. ఊరి నుంచి పచ్చడి సీసాకు చుట్టి వచ్చిన కాగితంలో ఒకరోజు చదివాను, తేనెపట్టు కట్టేవన్నీ ఆడ ఈగలేనట. నమ్మలేక మూడుసార్లు చదివాను. ఆ కాగితం మడిచి రవికెలో పెట్టుకున్నాను.

తరవాత మామా మేడగదిలోనూ అలాంటిదే వేయమంది. "మామా పడుకున్నాక వచ్చి సుక్కలెట్టి పో" అన్నారు మా ఆయన, గడియారం చూసుకుంటూ.

మామా పడుకునేదాకా ఆగలేదు నేను. ఆవిడ టీ తాగుతుండగానే పైకి రమ్మని పిలిచి, పురికొసలు లాగాను.

"సూరా, నువ్వా?" అంది మామా నన్ను చూసి, కప్పు పెదవుల దగ్గరే ఆపి.

నేను తెల్ల సిమెంటు చిటికెడు తీసుకుని ముందుకు వంగాను. పురికొసలు కలిసేచోట మా ఆయన నిలబడి ఉన్నారు.

"కాస్త పక్కకి జరగండి" అన్నాను.