మీరన్న చెప్పుండ్రి

జాషువా తండ్రి మైసయ్య చనిపోయి నెల తిరగలేదు. చర్చివాళ్లు ఇంటి దగ్గర పెట్టిన ఆదరణ కూడిక ముగిశాక జాషువా మోత్కూర్ నుంచి బస్సెక్కి, నల్లగొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే కాలేజీకి వచ్చాడు. నేరుగా తన మెంటర్ వెంకన్న గదికి వెళ్లాడు.

"మున్సిపాలిటోళ్లు నాయిన జాగల నన్ను తీసుకుంటరట సార్. గా చెత్తబండి మీదనే. సోమారం లోపల చెప్పాలె. చేరితె చదువు బందు."

మెంటర్లకిచ్చిన శిక్షణలో వెంకన్న నేర్చుకున్నది ఒక్కటే: విద్యార్థి బదులు నువ్వు నిర్ణయించకు. అందుకే మెల్లగా అడిగాడు.

"నీకేమనిపిస్తాంది?"

జాషువా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్విన ముఖం అది, నవ్వు ఇంకా సరిగ్గా కుదరలేదు.

"అమ్మ నీ ఇష్టం బిడ్డా అంటది. పాస్టరయ్య ప్రార్థన జెయ్యమంటడు. మీరు గూడ నన్నే అడగవడితిరి. నాకే తెలిస్తె గింత దూరం ఎందుకొస్త సార్?"

"నేను చెప్తే అది నా నిర్ణయమైతది."

"కానియుండ్రి. మీరన్న చెప్పుండ్రి."

'చదువుకో' అనే మాట వెంకన్న నాలుక చివరిదాకా వచ్చింది. అంత తేలిగ్గా వచ్చినందుకే అతడు దాన్ని నమ్మలేదు. తను పీజీ చదివిన రోజుల్లో అన్న మిల్లులో బస్తాలు మోశాడు. ఆ అన్న ఇప్పుడు వంగి చెప్పు కూడా తొడుక్కోలేడు. ఈ మాట జాషువా కోసం వస్తున్నదా, లేక ఆ బస్తాల మీద నిలబడ్డ తన బతుకును సమర్థించుకోవడానికా? పత్తి ఏరబోయి దుమ్ముకు ఆయాసపడే తల్లి బిక్షమ్మ గురించి ఈ పిల్లవాడే ఒకసారి చెప్పాడు. చదువు మాన్పించిన పాపం ఎవరో ఒకరు మోయాలి. తనే మోస్తే, ఈ పిల్లవాడు రేపు తల్లిని కాక తనను తిట్టుకుంటాడు.

"చేరు," అన్నాడు. "నేనే చేరుమన్న అనుకో."

జాషువా తల దించుకున్నాడు. బల్ల అంచును బొటనవేలితో అటూ ఇటూ రుద్దాడు.

"మీరన్న చదువుమంటరనుకున్న సార్."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. లేచి, నమస్తే పెట్టి, బయటికి నడిచాడు.

వెంకన్న కుర్చీలోంచి లేచేసరికి జాషువా వరండాలో ఫోను స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాడు.

"అమ్మా, చేరుత. సార్ గూడ గదే అన్నడు."

అవతల బిక్షమ్మ ఏడుపు గది గుమ్మం దాకా వినిపించింది. భర్త పోయినప్పటి నుంచి ఆమె కన్నీరు పెట్టలేదని కూడికలో అందరూ చెప్పుకున్నారు.

"సారు సల్లగుండాలె బిడ్డా," అంటున్నది. "జర నా బరువు దించిండు."

అతణ్ని వెనక్కి పిలవబోయిన వెంకన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. జాషువా ఫోను జేబులో పెట్టుకుని, వెనక్కి చూడకుండా, క్లాసుకు పోయే దారి కాక గేటుకు పోయే దారి పట్టాడు.