సన్మానపు పలక

హార్మోనియం మాస్టారి పేరును నిత్యానందం తడిగుడ్డతో తుడుస్తున్నాడు. పోయినేడు చివరి సన్మానం ఆయనదే. ఏడాదిగా బీరువాలో ఉన్న సుద్ద ఒక పట్టాన వదల్లేదు. గుడ్డ పిండి మళ్ళీ తడిపి, మోచేతి బలమంతా పెట్టి రుద్దితే ముందు ఇంటిపేరు పోయింది, తర్వాత మాస్టారు పోయాడు. పలక నల్లగా, కొత్తగా మిగిలింది. దాన్ని కిటికీ దగ్గర ఎండకు ఆనించి, గిన్నెలో నీళ్ళు పోసి సుద్దముక్కలు నానేశాడు. నానిన సుద్దతో రాస్తే అక్షరం తెల్లగా తేలుతుంది, ఫోటోలో బాగా పడుతుంది.

ఆ పలక బడిపిల్లల పలక కాదు. రెండు చేతులతో పట్టుకోవలసినంత పెద్దది. చుట్టూ టేకు చట్రం, చట్రం నిండా చెక్కిన తీగలు. పైకమ్మీ మీద బంగారు రంగుతో 'వెలుగొండ కళాసమితి, మార్కాపురం' అని, కింది కమ్మీ మీద 'సన్మాన గ్రహీత' అని ఉంటుంది. మధ్యలో ఖాళీ. సమితి పెట్టిన కొత్తలో చందాలు లేవు, జ్ఞాపికలు కొనే స్తోమత లేదు. పలకల ఊళ్ళో పలకకేం కరువని అప్పటి కార్యదర్శి తన ఫ్యాక్టరీలోంచే మంచి రాయి ఏరి తెచ్చి చట్రం కట్టించాడు. కళాకారుడి పేరు సుద్దతో రాసి చేతికివ్వడం, ఫోటో తీయడం, స్టేజీ దిగగానే తీసుకుని తుడిచి తర్వాతి వాళ్ళ పేరు రాయడం. ఇందులో అప్పుడెవరికీ చిన్నతనం అనిపించలేదు. సమితి మనది, పలక మనది అనుకున్నారు. తర్వాత సమితికి సొంత హాలు వచ్చింది. కూలర్లు వచ్చాయి. ఒంగోలు నుంచి, గుంటూరు నుంచి దయచేసే అతిథులకు పేరు చెక్కించిన గ్రానైటు జ్ఞాపికలు వచ్చాయి. ఊళ్ళో కళాకారులకు మాత్రం అదే పలక, అదే సుద్ద. అడిగితే ఆచారం అన్నారు. ఆచారాన్ని ఎవరైనా మారుస్తారా పాపం!

నిత్యానందం ఆ పలకల ఫ్యాక్టరీలో పనిచేసినవాడే. దొనకొండ పక్క పల్లె నుంచి మీసాలు రాని వయసులో వచ్చి రాయి కోసే మిషను ముందు నిలబడ్డాడు. గిరాకీ పడిపోయి ఫ్యాక్టరీ మూతపడేసరికి అతనికి మిగిలింది దగ్గు, గోళ్ళ సందుల్లో వదలని బూడిదరంగు. ఆ దగ్గు విని జాలిపడి పాత కార్యదర్శి హాల్లో పని ఇచ్చాడు. ఊడవడం, కుర్చీలు వేయడం, తెర లాగడం. భార్య ఫెబీ పోయాక హాలు వెనక గదిలోనే కాపురం. పాత కార్యదర్శి కాలం చేసి ఆయన కొడుకు వెంకటేష్ ఆ కుర్చీలోకి వచ్చాడు. నిత్యానందం మాత్రం మారలేదు. ఎవరేం చెప్పినా 'అట్లనే సార్' అనడమే తప్ప అతని నోట రెండో మాట విన్నవాళ్ళు లేరు.

వార్షికోత్సవం పది గంటలకయితే రమణమ్మ పొద్దున్నే వచ్చింది. ఆటో దిగి, హాలు మెట్ల దగ్గర ఆగి, మెట్టుకోసారి ఊపిరి కూడదీసుకుంటూ ఎక్కింది. పాదాలు వాచి చెప్పుల పట్టీల్లోంచి పొంగుతున్నాయి. ఎర్రంచు తెల్లచీర, సిగలో కనకాంబరాలు, చెంపలకు మందంగా పౌడరు. ఆ పౌడరు కిందున్న ముఖం ఎంత పాలిపోయిందో నిత్యానందానికి తెలుస్తూనే ఉంది. సైడు తెర వెనక ఇనప కుర్చీ తుడిచి వేశాడు.

గిద్దలూరు నుంచి చంద్రశేఖరపురం దాకా రమణమ్మ ఏడవని ఊరు లేదు. మీసాలు నెరిసిన మగవాళ్ళకు తల్లి వేషం కట్టేనాటికి ఆమెకింకా పెళ్ళీడే. నాటకం ఆఖరున కొడుకు శవం మీద పడి ఆమె ఏడిస్తే ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. తెర వెయ్యమని విజిల్ పడేది. నిత్యానందం తాడు పట్టుకుని కాస్త ఆలస్యం చేసేవాడు. ఆ కాస్తలోనే చప్పట్లు మొదలయ్యేవి. డైరెక్టర్లు తిట్టిపోసేవాళ్ళు, చెవిటివాడని పేరు కూడా పెట్టారు. రంగు కడుక్కుని వచ్చాక రమణమ్మ అతని కోసం దాచిన అరటిపండు చేతిలో పెట్టి, నా చప్పట్లు నీ చేతిలో ఉన్నాయి నిత్యానందం అనేది. అతని బతుక్కి దక్కిన మెప్పు అదొక్కటే.

పెళ్ళి లేదు, పిల్లల్లేరు. చెల్లెలి కూతురు భాగ్య దగ్గర ఉంటోంది. ఈ సమితే ఆమెకు ఇంతకుముందు కూడా సన్మానాలు చేసింది. ఇంట్లో చూపించడానికి మాత్రం ఒక్క వస్తువు లేదు. పేపర్లో పడిన ఫోటోలు వానకు తడిసి పోయాయి.

ఆమె పలక వైపు చాలాసేపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఈసారి దాన్ని నన్ను ఇంటికి తీసుకపోనియ్యి నిత్యానందం. నాలుగు దినాలు గోడకు పెట్టుకోని ఇచ్చేస్తా. మా వీధిలో ఒక్కరూ నమ్మరు. సన్మానాలు చేసినారంటివే, ఏదీ చూపించు అని నవ్వుతారు."

"సారును అడుగుతా అక్కా," అన్నాడు నిత్యానందం.

అడిగాడు కూడా. వెంకటేష్ గేటు దగ్గర పూలబొకేలు దించుకుంటున్నాడు. చెడ్డవాడేం కాదు వెంకటేష్. పేదపిల్లలకు హాల్లో ఉచితంగా డాన్సు నేర్పిస్తాడు, పోయిన వేసవిలో రమణమ్మను తన కార్లోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఆ సంగతి ప్రతి మీటింగులోనూ చెబుతాడు, అది వేరే విషయం. ఒకరికి ఇస్తే రేపు అందరూ అడుగుతారని, అది సమితి ఆస్తి అని, పైగా నాయన చేయించిన పలక అని, వచ్చే ఏడు ఏదో ఒకటి ఆలోచిద్దామని ఓపిగ్గానే చెప్పాడు. నిత్యానందం 'అట్లనే సార్' అన్నాడు.

వచ్చే ఏడట! ఆమె మెట్లెక్కడం కళ్ళారా చూసినవాడెవడైనా ఆ మాట అంటాడా? ఆ మాట పట్టుకుని రమణమ్మ దగ్గరకు పోవడానికి నిత్యానందానికి కాళ్ళు రాలేదు. ఆమె కూడా మళ్ళీ అడగలేదు.

సభ మొదలయింది. ముఖ్య అతిథి ఒంగోలులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయిన ఆయన. కళలు బతికితేనే సమాజం బతుకుతుందని గంటకు పైగా చెప్పాడు. ఆ తర్వాత సన్మానాలు. ముందు డప్పు పుల్లయ్య. దండ, పలక, ఫోటో. ఎడమవైపు మెట్లు దిగి పుల్లయ్య పలక చేతికిచ్చాడు. నిత్యానందం ఒక్క తుడుపు తుడిచి, ఆరీ ఆరకముందే కోలాటం నేర్పే సుధారాణి పేరు రాసి పైకి అందించాడు. సుధారాణి దిగింది, ఆమె పేరూ గుడ్డలోకి వచ్చింది. చివరగా 'రంగస్థల నటి రమణమ్మ' అని రాశాడు. ఇందాకటి వాళ్ళకంటే పెద్ద అక్షరాలతో రాశాడు. అతని చేతనయింది అంతే.

ఆమె నెమ్మదిగా నడిచి స్టేజీ మధ్యలోకి వచ్చింది. వెలుతురు మీద పడగానే నడుము దానంతటదే నిటారయింది. దండ వేశారు, పలక ఇచ్చారు. రమణమ్మ మా ఇంటి మనిషి, ఆమె చివరి శ్వాస దాకా సమితి అండగా ఉంటుందని వెంకటేష్ మైకులో అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పలకను గుండెలకు హత్తుకుని ఆమె మైకు వైపు రెండడుగులు వేసింది. ఏదో చెప్పాలనుకుంది. ఈలోగా భోజనాల వేళ దాటిపోతోందని ఎవరో సైగ చేయడం, వెంకటేష్ మైకు తీసుకుని వందన సమర్పణ మొదలుపెట్టడం జరిగిపోయాయి. ఆమె నోరు కాసేపు తెరిచే ఉంది. తర్వాత మెట్ల వైపు తిరిగింది.

నిత్యానందం మెట్ల కింద నిలబడి ఉన్నాడు. ఏం చెప్పాలో అప్పటికి నిశ్చయించుకున్నాడు. తీసుకుపో అక్కా, అడిగితే నేను చెప్పుకుంటాను అందామనే అనుకున్నాడు. కానీ ఆమె చివరి మెట్టు దిగేసరికి అతని చేతులు రెండూ పలక కోసం చాచి ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ఆ మెట్ల దగ్గర చాచిన చేతులు, అతన్ని అడగలేదు. ఆమె ఆ చేతులను చూసింది. పలకను వాటిల్లో పెట్టింది.

"అక్కా..." అన్నాడు.

"ఏం లేదులే నాయనా. తెర చూసుకో," అంది రమణమ్మ.

పైన జనగణమన అయిపోయింది, తెర వెయ్యమని వెంకటేష్ కేక వేశాడు. నిత్యానందం పలక కింద పెట్టి తాడు లాగి వచ్చేసరికి ఇనప కుర్చీ ఖాళీగా ఉంది. గేటు దగ్గర ఆటో మలుపు తిరుగుతోంది.

అతిథులు తిన్నారు, కార్లెక్కారు. వెంకటేష్ వాళ్ళను సాగనంపడానికి వెళ్ళాడు. నిత్యానందం విస్తళ్ళు ఎత్తి, కుర్చీలు మడిచి, తన వంతు పులిహోర మూతపెట్టి పక్కన పెట్టాడు. పలకను బీరువాలో పెట్టడానికి ఎత్తాడు. 'రంగస్థల నటి రమణమ్మ'. ఈ పేరు ఏడాదిపాటు బీరువాలో చీకట్లో ఉంటుంది. వచ్చే ఏడు ఇదే కిటికీ దగ్గర, ఇదే గుడ్డతో తను తుడుస్తాడు. అప్పటికి ఆమె ఉండదు. ఆ సంగతి తనకు తెలుసు, ఆమెకూ తెలుసు. తెలిసే అడిగింది. తెలిసే తను చేతులు చాచాడు. అతనికి తన చేతుల మీదే అసహ్యం వేసింది.

కుర్చీలు మరమ్మతు చేసే డబ్బాలోంచి మొనదేలిన మేకు తీశాడు. పలక రాయి పొరలు పొరలుగా ఉంటుంది, దెబ్బ వేస్తే పెచ్చు లేస్తుంది. అందుకని సుద్ద గీత వెంట మేకుతో మెల్లగా గీరడం మొదలుపెట్టాడు. ఒక్కో గీతనూ మళ్ళీ మళ్ళీ గీరాడు. బూడిదరంగు పొడి లేచి ముక్కులోకి పోయి దగ్గు తెర వచ్చింది. దగ్గు ఆగేదాకా ఆగి, పొడి ఊది, మళ్ళీ గీరాడు. అక్షరాలు లోతుగా తెగాయి. పలకను పేపర్లో చుట్టి, చంకన పెట్టుకుని, హాలుకు తాళం వేసి బయలుదేరాడు. గది పోతుందని తెలుసు. పోనీ అనుకున్నాడు.

రమణమ్మ వీధి మొదట్లోనే కాళ్ళు ఆగాయి. ఇంటి ముందు చెప్పులు చాలా ఉన్నాయి. వాకిట్లో బల్ల మీద ఆమెను పడుకోబెట్టారు. చెంపల మీద పౌడరు ఇంకా అట్లాగే ఉంది. భాగ్య అతన్ని చూసి లేచి వచ్చింది. హాలు నుంచి వచ్చిన కాసేపటికి మంచినీళ్ళు అడిగిందని, తను చెంబు తెచ్చేలోపే కుర్చీలో తల వాల్చేసిందని ఏడుస్తూ చెప్పింది. తర్వాత చంకలోని పొట్లం చూసింది.

"తెచ్చినావా మామా? వచ్చీ రాగానే వీధిలో అందరికీ చెప్పింది పెద్దమ్మ. పలక ఇచ్చినారు, పేరు చెక్కనిచ్చినా, నిత్యానందం తెస్తాడని. నాతో గోడకు మేకు కూడా కొట్టించింది."

లోపల గోడకు, దేవుడి పటం పక్కన, కొత్త మేకు మెరుస్తోంది. నిత్యానందం పేపరు విప్పి, చట్రం వెనకున్న కొక్కెంతో పలకను ఆ మేకుకు తగిలించాడు. పక్కింటి ఆడవాళ్ళు వచ్చి పేరు చదివారు. ఒకామె వేలితో తడిమి, నిజంగానే చెక్కినారే అంది. ఆ ఒక్క మాట పొద్దున వినాల్సిన మనిషి వాకిట్లో బల్ల మీద ఉంది.

కాసేపటికి వెంకటేష్ దండతో, ఫోటోగ్రాఫరుతో, పేపరు విలేకరితో వచ్చాడు. దండ వేశాడు. కళ్ళు తుడుచుకున్నాడు, ఆ కన్నీళ్ళు అబద్ధం కావు. చనిపోయే రోజు కూడా సన్మానం చేసి పంపామని, కళాకారులకు సమితి ఎట్లా అండగా ఉంటుందో ఇదే సాక్ష్యమని విలేకరికి చెప్పాడు. చెబుతూ లోపలికి తొంగిచూసి పలకను గుర్తుపట్టాడు. దగ్గరకు వెళ్ళి, వేలు తడి చేసుకుని 'మ' మీద రుద్దాడు. సుద్ద పోయింది, అక్షరం పోలేదు. గట్టిగా రుద్దాడు.

"ఏంది ఇది? ఎవరు చేసినారు?"

వీధి ఆడవాళ్ళందరూ గుమ్మంలోనే ఉన్నారు. నిత్యానందం ముందుకొచ్చాడు.

"రమణమ్మక్క చెక్కమని ఇచ్చింది సార్. చెక్కినా."

వెంకటేష్ జనాన్ని చూసి గొంతు దించాడు. రాయి ఎట్లాగూ నాశనమయింది, నాయన చేయించిన చట్రమన్నా విప్పి తెమ్మన్నాడు. దాంతోపాటే గది తాళం కూడా ఇచ్చిపొమ్మన్నాడు. నిత్యానందం అలవాటుగా 'అట్లనే సార్' అన్నాడు.

రావలసిన వాళ్ళెవరూ లేరు కాబట్టి పొద్దు గూకకముందే ఎత్తారు. నిత్యానందం పాడె ఒక కొమ్ము పట్టాడు. తిరిగి వచ్చాక పక్కింటి కటింగ్ ప్లేయరు అడిగి తీసుకుని, పలక దించి, చట్రం మేకులు ఒక్కొక్కటే లాగాడు. టేకు తీగలు, బంగారు రంగు అక్షరాలు, 'సన్మాన గ్రహీత', అన్నీ విడివడ్డాయి. నాలుగు కమ్మీలూ గుడ్డలో కట్టుకున్నాడు. హాల్లో వాటిని బల్ల మీద పెట్టి, మీద తాళం చెవి పెట్టి, ఫెబీ ఫోటో, దుప్పటి సంచిలో వేసుకుని దొనకొండ బస్సెక్కాడు. పల్లెలో అతనికి ఎవరున్నారో మార్కాపురంలో ఎవరూ అడగలేదు.

చట్రం లేని పలకకు మేకు ఏం పనికొస్తుంది? భాగ్య దాన్ని గోడ వారగా నేల మీద నిలబెట్టింది. పైన మేకు ఖాళీగా ఉంది, కింద నల్లరాతి మీద రంగస్థల నటి రమణమ్మ అన్న పేరు ఉంది.