ముడుల దారాలు

వీడియో గేములకు పజిల్స్ కట్టడం అతని పని. ఈసారి కట్టింది ఒక దర్జీ కొట్టు. అరల నిండా గుడ్డమూటలు, వాటి మీద ఎవరికీ తెలియని లిపిలో పేర్లు. ఆ పేర్లు చదవలేక, మేకులకు వేలాడే దారాల ముడులు లెక్కపెట్టి, ఏ మూట ఎవరిదో ఆడేవాళ్ళు తేల్చుకోవాలి. అరగంట తంటాలు పడ్డాక వాళ్ళకే తడుతుంది: ఈ దర్జీకి చదువు రాదు, కొలతలన్నీ ముడుల్లోనే దాచుకున్నాడు. ఎవరైనా కాగితం చూపిస్తే జేబు తడుముకుని "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను" అంటాడు.

"ఎక్కడా చెప్పకుండా పజిల్‌తోనే కథంతా చెప్పేశావయ్యా!" అంది మేనేజరమ్మ. అతను ఉబ్బిపోయాడు. సొమ్మొకడిది, సోకొకడిది! ఆ దారాలూ, ఆ కళ్ళజోడు మాటా వాళ్ళ నాన్నవి. నలభై ఏళ్ళుగా కుట్టుమిషను ముందు కూర్చుని ఆయన కాపాడుకున్న గుట్టు అది.

వయసు మళ్ళినవాళ్ళ చేత కూడా ఆడించి చూద్దామన్నారు ఆఫీసులో. మన ఘనుడు నాన్ననే వెంటబెట్టుకొచ్చాడు. బొమ్మల్లో తనను తాను ఏం పోల్చుకుంటాడులే అని ధీమా.

నాన్న కుర్చీ అంచున కూర్చుని వేలితో చూపిస్తుంటే, పక్కనున్న అమ్మాయి మౌస్ నొక్కింది. మూటలన్నీ చిటికెలో తేలిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

"భలే కనిపెట్టారు బాబాయ్ గారూ! ఇది ఒకసారి చదివి సంతకం పెట్టండి" అంటూ ఆ అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది.

నాన్న చెయ్యి అలవాటుగా జేబు మీదికి పోయింది. "కళ్ళజోడు ఇంట్లో..."

"అచ్చం మన దర్జీలాగే!" అని ఎవరో నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కొడుక్కి తల కొట్టేసినట్టయింది.

నాన్న తెర వంక చూశాడు, కొడుకు వంక చూశాడు. చెయ్యి కిందికి దించాడు.

"నాకు చదవడం రాదమ్మా. నువ్వే చదివి చెప్పు, వేలిముద్ర వేస్తాను."

మెట్లు దిగుతుంటే క్షమించమని అడగడానికి అతనికి నోరు రాలేదు. నాన్నే అడిగాడు, బొటనవేలి సిరా రుమాలుకు తుడుచుకుంటూ.

"ఒరే, ఆ దర్జీకి పిల్లల్లేరా?"

"లేరు నాన్నా. పెట్టలేదు."

"అదే అనుకున్నా. ఉంటే ఈపాటికి నాలుగక్షరాలు నేర్పేవాళ్ళేగా."

ఎత్తిపొడుపేమీ లేదు, మామూలుగానే అన్నాడు. ఎవరికీ రాని ఆ దొంగ లిపిని పుట్టించడానికి అతను ఎనిమిది నెలలు కూర్చున్నాడు. నాన్న పక్కన ఒక పలక పెట్టుకుని ఒక్క సాయంత్రమైనా కూర్చున్నది లేదు. సిగ్గుతో తల ఎత్తలేక, మిగిలిన మెట్లన్నీ నేల చూపులు చూస్తూనే దిగాడు.