రబ్బరుచెట్టుకు బీరు

ఎగోన్ హాన్సెన్ గిన్నెలోని బీరులో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, రబ్బరుచెట్టు నాలుగో ఆకు తుడిచాడు. ఇంట్లో మిగిలిపోతే సీసాలో తెచ్చిన, నురగ చచ్చిన బీరు అది. ఆకులకు మెరుపు తేవడంలో దాన్ని మించింది లేదని ఆయన నమ్మకం. బ్రెమెన్‌లోని ఈ బీమా కార్యాలయంలో పందొమ్మిదేళ్లుగా మొక్కలను చూసుకుంటున్నాడు. పొడుగు మనిషి. కుండీల మీదికి వంగి వంగి నడుము ఒంగిపోయింది. పెళ్లినాడు కూడా ఆ గోళ్లలో మట్టి పోలేదని భార్య ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

లెక్కల విభాగం వీబ్కే టీడెమన్ వస్తూనే, కోటు కూడా విప్పకుండా, కిటికీ బార్లా తెరిచింది. బయట మంచు.

"హాన్సెన్ గారూ, ఇది ఆఫీసా, సారాకొట్టా?"

"గాలిలో చెత్తంతా ఈ ఆకులే పీల్చేస్తాయండీ. మీరు కిటికీ మూసి కూర్చోండి చాలు."

"పదిమంది వదిలిన గాలిని మీ చెట్టొక్కటే కడిగేస్తుందా? ఐదు నిమిషాలు కిటికీ తీస్తే పోయేదానికి!"

రోజూ ఇదే గొడవ. ఆమె కిటికీ తీయగానే చెట్టుకు చలి తగలకుండా ఆయన కుండీని గోడ వైపు జరిపేవాడు, మూశాక మళ్లీ వెలుతురులోకి లాగేవాడు. నిజం చెప్పాలంటే ఈ గొడవ కోసమే ఇద్దరూ అందరికంటే ముందు వచ్చేవారు.

ఈ శుక్రవారం ఆయన ఉద్యోగానికి ఆఖరి రోజు. ఆయనతో పాటు మొక్కలకూ సెలవే. కావలసినవాళ్లు చీటీ అంటించి తీసుకుపోవచ్చు, మిగిలినవి చెత్తబండికి. మధ్యాహ్నానికి కత్తుల్లాంటి ఆకుల 'అత్తగారి నాలుక' మొక్కకు కూడా నాలుగు చీటీలు పడ్డాయి. మనిషిని మించి పెరిగిన రబ్బరుచెట్టుకు ఒక్కటీ లేదు. ఎగోన్ ఇంటి కప్పు కింద అది పట్టదు.

నాలుగింటికి ఆయన చెట్టును తోపుడుబండి ఎక్కించబోతుంటే వీబ్కే వచ్చి కుండీ పట్టుకుంది.

"ఎక్కడికి? ఇది నా కిటికీ చెట్టు. మేనేజరుతో పోట్లాడి ఒప్పించా. ఇక్కడే ఉంటుంది."

"మరి చీటీ పెట్టలేదేం?"

"నా చెట్టుకు నేను చీటీ పెట్టుకోవాలా?" ఆమె గొంతు తగ్గించింది. "ఒకటి అడుగుతా. పందొమ్మిదేళ్లలో ఒక్కసారైనా 'నన్ను నువ్వు అను' అన్నారా? పెద్దవారు మీరే కదా, ముందు అనాల్సింది!"

ఎగోన్ తెల్లబోయాడు. "ఆడవాళ్లే ముందు అనాలి కదా అని నేను..."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. 'మీరు' వదిలి 'నువ్వు'లోకి దిగేటప్పుడు ఇద్దరూ ఓ గుక్క తాగాలన్నది అక్కడి ఆనవాయితీ. ఉన్నది సీసాలో మిగిలిన ఆ చచ్చిన బీరే. కాఫీ కప్పుల్లో పోసుకుని, మోచేతులు మెలేసుకుని తాగారు.

"ఛీ! ఇదా నువ్వు చెట్టుకు పెడుతున్నది, ఎగోన్?"

"అది ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు, వీబ్కే."

ఆయన వెళ్లాక ఆమె కుండీని గోడ వైపు జరిపి కిటికీ తీసింది. కింద ఆయన ట్రాము కోసం పరుగు తీస్తున్నాడు. "ఎగోన్! నెమ్మదిగా వెళ్లు!" అని వీధంతా వినబడేలా అరిచింది. ఆయన వెనక్కి తిరక్కుండానే చేయెత్తి ఊపాడు. ఐదు నిమిషాలకు కిటికీ మూసి, చెట్టును మళ్లీ వెలుతురులోకి లాగింది.

కిటికీ గట్టు మీద సీసా ఉంది. అడుగున, సోమవారం ఆమె ఆకులు తుడవడానికి సరిపడా రెండు వేళ్ల మందం బీరు, మెడకు చుట్టిన తడిగుడ్డ.