బిషప్ గారి పక్షుల పుస్తకం

బిషప్ యాకోబు గారు పదవి దిగాక బందరులో చర్చి వెనక రెండు గదుల ఇంట్లో ఉండేవారు. దివిసీమ మడ అడవుల్లోని పక్షుల మీద పుస్తకం రాస్తున్నారు. పొద్దున పూజ అయ్యాక జనం వచ్చి దీవెన తీసుకుని వెళ్ళేవారు. ఆయన పిట్టల సంగతి ఎత్తితే మర్యాదగా వింటూనే వాచీ చూసుకునేవారు.

ఆ కబుర్లు ఇష్టంగా వినే మనిషి ఒక్కడే, నాగాయలంక దగ్గర చేపలు పట్టే పోతయ్య. ప్రతి మంగళవారం ఆయన్ని పడవలో పాయల వెంట తిప్పేవాడు. ఏ పిట్ట ఎక్కడ గూడు కడుతుందో అతనికి తెలిసినంత ఆయన చదివిన పుస్తకాల్లో లేదు.

తొంభై ఐదులో మడ చెట్లు కొట్టి రొయ్యల చెరువులు తవ్వసాగారు. ఒక ఆదివారం ప్రసంగంలో అది తప్పన్నారు బిషప్ గారు. ముందు వరసల్లో చెరువులున్నవాళ్ళు, వెనక వరసల్లో వాటిలో కూలికెళ్ళేవాళ్ళు. దీవెనకు వచ్చేవాళ్ళు కూడా తగ్గిపోయారు.

ఆ మంగళవారం రేవులో పోతయ్య లేడు. మరుసటి వారమూ లేడు. మూడోసారి ఆయన గట్ల వెంట వెతుక్కుంటూ వెళ్ళారు. ఒక చెరువు దగ్గర పోతయ్య కాపలా ఉండి, రొయ్యలు తినే నీటికాకులను తరమడానికి టపాకాయలు పేలుస్తున్నాడు. ఆయన్ని చూసి తల దించుకున్నాడు.

“పడవ అమ్మేశానండి. పాయలో చేపల్లేవు.”

తన ప్రసంగం ఇతని కూటిని కూడా తప్పుపట్టిందని బిషప్ గారికి అప్పుడు తోచింది. గట్టు దిగి వచ్చేశారు. మళ్ళీ వెళ్ళడానికి మొహం చెల్లలేదు. రెండేళ్ళు గదిలో ఒక్కరే కూర్చుని, గుర్తున్నదంతా రాశారు.

పుస్తకం అచ్చయింది. ఫాదర్లు అట్ట బాగుందన్నారు. చదివామని ఒక్క ఉత్తరం రాలేదు. చివరికి ఆయన ఒక ప్రతి తీసుకుని ఆ గట్టు మీదికే వెళ్ళారు. పోతయ్యకు చదువు రాదు. పక్కన కూర్చుని ఆయనే చదివి వినిపించారు. నీటికాకులు నల్లమడ చెట్ల మీద గూళ్ళు కడతాయన్న చోట పోతయ్య ఆపాడు.

“నల్లమడ కాదండి అయ్యగారూ, తెల్లమడ. మీరు పొరబడ్డారు.”

ఆయన కళ్ళు చెమర్చాయి. జేబులోంచి పెన్ను తీసి దిద్దారు.

“ఇంకా ఎక్కడెక్కడ పొరబడ్డానో చెప్పు పోతయ్యా.”

పుస్తకమంతా చదవడానికి నాలుగు మంగళవారాలు పట్టింది. ఇరవై మూడు తప్పులు దొరికాయి. ఐదో మంగళవారానికి చదవడానికి ఏమీ మిగల్లేదు. అయినా ఆయన నాగాయలంక బస్సెక్కారు. ఆయన వెళ్ళేసరికి పోతయ్య గట్టు మీద గోనెసంచి పరిచి ఉంచాడు.