మరదలి చేతిలో ఓడే విద్య

మరదలి చేతిలో ఓడిపోవడం నా ఉద్యోగం. నవ్వితే నవ్వుకోండి, నాకు అలవాటే.

బయటివాళ్ళకు నేను ప్రాక్టీస్ పార్ట్‌నర్‌ని. మా ఆవిడ చెల్లెల్ని ఇంట్లో అందరూ పిడుగు అంటారు. కిందటేడు వరకు టెన్నిస్‌లో ప్రపంచంలోనే మూడోది. నేనూ ఒకప్పుడు ఆడినవాణ్ణే. ర్యాంకుల జాబితాలో ఎక్కడో అట్టడుగున వేళ్ళాడి, మోకాలు మొండికేశాక పెళ్ళి చేసుకున్నాను. పెళ్ళితోపాటు ఈ కొలువూ వచ్చింది.

ఓడిపోవడం ఎందుకంటే, మా కోచ్‌కి ఒక నియమం ఉంది. మ్యాచ్‌కి ముందు రోజు ఆడే ఆఖరి సెట్టు పిడుగే గెలవాలి. గెలిచిన రుచి నాలుక మీద ఉండగానే పడుకోవాలట. ఈ సంగతి ఆయనకూ మా ఆవిడకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ముఖ్యంగా పిడుగుకి.

తేలికనుకునేరు. బంతిని పట్టుకెళ్ళి నెట్‌లో పడేస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. గీత దాటి ఒక వేలెడు అవతల పడేలా కొట్టాలి. కొట్టాక ఆకాశం వైపు చూసి నన్ను నేను తిట్టుకోవాలి. అప్పుడప్పుడూ రాకెట్ నేలకేసి కొట్టాలి. ఇంత బాగా ఓడేవాడు ఇంకొకడు దొరకడని కోచ్ నన్ను మెచ్చుకునేవాడు. ఆ మెప్పుకి సంతోషించాలో సిగ్గుపడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

చిక్కంతా ఈ ఏడాదే వచ్చింది. పిడుగు వరసగా మొదటి రౌండ్లలోనే ఓడి ఇంటికొస్తోంది. గాయమా, కాదు. ప్రేమా, అదీ కాదు. బ్యాంకు వరసలో నిలబడ్డ మనిషిలా కోర్టులో నిలబడుతోంది. మనసు డాక్టర్‌ని తెచ్చాం. కళ్ళు మూసుకుని కప్పు ఎత్తుకున్నట్టు ఊహించుకోమన్నాడు. కళ్ళు మూసుకుని గురక పెట్టింది. కోచ్ రాకెట్ తీగల బిగువు మార్చాడు, బూట్లు మార్చాడు, పొద్దున తినే తిండి మార్చాడు. సలహాలు మాత్రం పాతవే. ఆడని మనిషి చేతిలో ఓడాలంటే నా తలప్రాణం తోకకి వస్తోంది.

"ఏవండీ," అంది మా ఆవిడ ఒకరోజు బట్టలు మడతపెడుతూ, "ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు ఆదివారం ఏం చేస్తారక్కా అని అడిగిందండీ. నాకు భయమేస్తోంది."

"సెలవు కావాలేమో."

"కాదు. దాని మొహం చూస్తే మానేసేలా ఉంది. నాతో చెప్పలేక నసుగుతోంది. ఎల్లుండే మ్యాచ్. రేపటి సెట్టు మాత్రం జాగ్రత్తగా ఓడండి."

మర్నాడు మధ్యాహ్నం, క్లబ్ వెనక ఎర్రమట్టి కోర్టు. కోచ్ అంపైర్ కూర్చునే ఎత్తు కుర్చీ ఎక్కి కూర్చున్నాడు. మా ఆవిడ తువ్వాళ్ళూ సీసాలూ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద ఉంది. మొదటి సర్వ్ నాది. జాగ్రత్తగా ఓడమన్నారు కదా, ప్రతిసారీ రెండు సర్వ్‌లూ పక్కకి పంపించి గేమ్ సమర్పించుకున్నాను. తర్వాత తన సర్వ్. అవి కూడా రెండేసి బయటికే పోయాయి.

పోనీలే, చెయ్యి తిరగలేదనుకున్నాను. మూడో గేమ్ నేను ఇచ్చేశాను, నాలుగోది తను ఇచ్చేసింది. చిన్నపిల్లలు కూడా కొట్టగలిగేలా గాల్లోకి మెల్లగా బంతి ఎత్తి ఇస్తే, దాన్ని వెనక కంచెకి గురిచూసి కొట్టింది. నేను ఆకాశాన్ని తిట్టాను. తనూ ఆకాశాన్ని తిట్టింది. సర్వ్ చేసినవాళ్ళే ఓడుతూ, గుర్రాల్లా పోటీపడి వెనక్కి పరిగెత్తుతూ ఆరు-ఆరుకి చేరాం. కోచ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. కోర్టుకి నీళ్ళు చల్లే ఆయన పైపు పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నాడు.

పిడుగు నెట్ దగ్గరికి వచ్చి వేలు చూపించి పిలిచింది.

"బావా, ఏం చేస్తున్నావ్?"

"ఆడుతున్నా."

"నేనేమైనా గుడ్డిదాన్నా? ఓడిపోవాలని చూస్తున్నావు. ఎప్పట్నుంచి?"

అబద్ధం కోసం వెతికాను, దొరకలేదు.

"మొదట్నుంచీ," అన్నాను. "మరి నువ్వు?"

"ఈరోజే మొదలుపెట్టా." గొంతు తగ్గించింది. "నీ చేతిలో కూడా ఓడిపోతే రేపు ఆడను, ఇంక ఎప్పటికీ ఆడను అని తీర్మానించుకున్నా. అప్పుడు అక్క కూడా ఏమీ అనడానికి ఉండదు కదా. బావతో కూడా గెలవలేని దాన్ని ఎవరు బతిమాలతారు?"

నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఈ పిల్ల ఆట మానడానికి దారి వెతుక్కుంటుంటే, నేను ఆ తలుపుకి తాళం వేసి కూర్చున్నానన్నమాట.

"సరే," అంది రాకెట్ చేతులు మారుస్తూ. "ముందు ఏడు పాయింట్లు చేసినవాళ్ళది సెట్టు. నిజంగా ఆడు. నువ్వు గెలిస్తే మానేస్తా." అని ఆగి, జాలిగా చూసింది. "నిజంగా ఆడితే నన్ను కొట్టగలవా అసలు?"

ఆ జాలి చూసి నా అరికాలి మంట నెత్తికెక్కింది. తను మానేస్తే మా ఆవిడ ఏమవుతుంది, నేనేం చేస్తాను, అన్నీ తెలుసు. అయినా సరే, ఈసారి ఓడడం నావల్ల కాదు. ఆ పిల్లకి ఇన్నాళ్ళూ అబద్ధమే వడ్డించాం, ఈ ఒక్కటైనా నిజం పెడదాం అని కూడా అనుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే కోపమే ఎక్కువ.

ఆడాను. మోకాలు అరుస్తున్నా ఆడాను. ఎన్నాళ్ళుగానో తప్పుడు చోట కొట్టిన బంతులు ఎక్కడ పడాలో నా చేతికి బాగా తెలుసు, అక్కడే పడుతున్నాయి. పిడుగు మొదట బ్యాంకు వరసలోనే నిలబడింది. నేను నాలుగు, తను ఒకటి. తర్వాత కాళ్ళు కదిలించింది. ఆరు-ఐదు. నా సర్వ్. తను తిప్పికొట్టిన బంతిని కుడివైపు గీత వెంట గట్టిగా బాదాను. గీత మీద పడి మట్టి లేపింది.

గెలిచాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా ఆవిడ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. పిడుగు స్వేచ్ఛగా ఊపిరి పీల్చుకోవాల్సింది. కానీ బంతి పడ్డచోటికి నడిచి వంగి చూసింది.

"అవుట్," అంది.

"ఏం అవుట్? సగం గుర్తు గీత మీదే ఉంది!" నేను నెట్ దాటి పరిగెత్తాను.

"నాకు కనపడట్లేదు."

"జరుగు, చూపిస్తా."

జరగలేదు. బూటు కాలితో గుర్తు మీద ఒక్క రుద్దు రుద్దింది. "ఇప్పుడు చూపించు."

ఒళ్ళు మండిపోయింది. "కోచ్, మీరు చెప్పండి!"

"నేను చూళ్ళేదు," అన్నాడు ఆ పెద్దమనిషి కుర్చీలోంచి.

మా ఆవిడ వైపు తిరిగాను. "నేనూ చూళ్ళేదండీ," అంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, పెదాలు నవ్వుతున్నాయి.

ఇంటిల్లిపాదీ దొంగలే. "ఓడితే మానేస్తానన్నావుగా!" అని అరిచాను.

"ఓడితే కదా!" అని అంతకంటే గట్టిగా అరిచింది పిడుగు. మొహం ఎర్రగా కందిపోయింది. ఆ మొహంలో నిద్రమత్తు లేదు. "ఆరు-ఆరు. వైపులు మారాలి, నడు. సర్వ్ నీదే."

అటు వెళ్ళి మోకాళ్ళు వంచి కాచుకుంది. ఈసారి అవుటనే వీల్లేకుండా గీతకి జానెడు లోపలికి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. తిరిగొచ్చిన బంతి నన్ను దాటి ఎప్పుడు వెళ్ళిందో కనపడలేదు, చప్పుడు మాత్రం విన్నాను. అవుటై ఉంటే బాగుండునని కోరుకుంటూ మట్టిలో దాని గుర్తు కోసం వంగాను.